హంగేరియన్ల మొహాచ్ సామెతలో ఆ "ఇష్" ఏమిటి?

పెస్ట్ వాసి: ఆఫీసులో నా చేతిలోంచి కప్పు జారి ముక్కలైంది. పక్కసీటావిడ నవ్వేసి "తొబ్ ఇష్ వెసెట్ మొహాచ్‌నాల్" అంది. తొబ్ అంటే ఎక్కువ, వెసెట్ అంటే పోయింది. మరి ఇష్? "మొహాచ్ దగ్గర ఇంతకన్నా ఎక్కువే పోయింది" అని ఎక్కడో చదివినట్టు గుర్తు. అది మన ఏకారమేనా?

వ్యాకరణం మేష్టారు: కాదు, ఊకారం. ఎన్ ఇష్ అంటే "నేనూ". ఇక్కడ ఊకారం తెలుగులో అతకదు గనక ఏకారం తగిలించారు. అది మన ఇబ్బంది, వాళ్ళది కాదు.

తెనాలి: ఒప్పుకోను మేష్టారూ. "మహామహులూ పోయారు" అంటే ఆ ఊ లెక్క కలపడానికా? అంతటివాళ్ళే పోయారనేగా!

చరిత్ర పిచ్చోడు: ఇష్‌ని వదలండి, కీలకం చివరి "నాల్"లో ఉంది. మొహాచ్‌లో అనాలంటే మొహాచొన్ అంటారు. నాల్ అంటే దగ్గర. 1526 ఆగస్టు 29న హంగేరీకీ తుర్కులకీ యుద్ధం జరిగింది ఊరికి దక్షిణాన మైదానంలో. రెండు గంటల్లో అంతా అయిపోయింది. ఇరవయ్యేళ్ళ హంగేరీ రాజు రెండో లాయోష్ పారిపోతూ చెలె వాగులో మునిగి చచ్చాడు. 1541లో, మళ్ళీ ఆగస్టు 29నే, రాజధాని బుడా కూడా తుర్కు సుల్తాను సులేమాన్ వశమైంది. అంతటి ఘోరాన్ని కప్పుకి వాడేస్తున్నారు!

తెనాలి: రుచంతా అందులోనే ఉంది సార్. మనకి 1565 తళ్ళికోట లేదూ? గాజుగ్లాసు పగిలితే ఎవరైనా తళ్ళికోట పేరెత్తుతారా?

వ్యాకరణం మేష్టారు: మొహాచ్ మీద హంగేరియన్ కవి కిష్‌ఫలుది ఏడ్చాడు, అందంగానే. ఇంకో కవి ఆడి ఎంద్రె మాత్రం "మాకు మొహాచ్ కావాలి" అని పద్యానికి పేరే పెట్టాడు. తన్నులు తింటేగానీ కదలని జాతి అని సొంతవాళ్ళనే దులిపేశాడు. కవి అంటే వాడూ!

తెనాలి: మేష్టారు ఆడి దాకా వచ్చారంటే ఇక రాత్రి పదకొండు దాటినట్టే.

పెస్ట్ వాసి: ఆడి సరే, నేను ఎవరితో అనొచ్చో చెప్పండి.

చరిత్ర పిచ్చోడు: రైలు తప్పినా, పందెం ఓడినా మీకు మీరే అనుకోవచ్చు, ఎదుటివాడికీ చెప్పొచ్చు. చావింట్లో అన్నారో, తంతారు.

కొత్త సభ్యురాలు: వెసెట్ కుత్యొ అంటే పిచ్చికుక్క అని విన్నానే. ఈ వెసెట్టూ అదేనాండీ?

వ్యాకరణం మేష్టారు: ధాతువు ఒకటేనమ్మా. కుక్క సంగతికి వేరే పోస్టు పెట్టు, అక్కడ మాట్లాడదాం.