సమస్యాపూరణం (ఇచ్చిన పాదంతో ముగిసేలా పద్యం పూర్తిచేయడం): "నవ్వు పుట్టెను గద నాన్న యేడ్వ"

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గణమంటే గురులఘువుల గుంపు), యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) న–నా. విషయం 2006 నాటి కొరియా సినిమా 'ది హోస్ట్', దర్శకుడు బాంగ్ జూన్ హో. రాక్షసజంతువు, కుటుంబకథ, హాస్యం, వైరస్ భయం, అమెరికా సైన్యం మీద ఎత్తిపొడుపు, అన్నీ ఒకే కుండలో. జంతువు ఎత్తుకుపోయిన పాప కోసం కుటుంబమంతా ఏడ్చే సంతాపసభ ఘట్టాన్ని పట్టుకోండి.

లఘువు:
హాను నదిని వెడలె నాకొన్న జంతువు
పాప నెత్తికొనుచు పారిపోయె
బొమ్మ ముందు కూడి పొర్లాడి రందరు
నవ్వు పుట్టెను గద నాన్న యేడ్వ

నిర్వాహకుడు: వెడలెన్ + ఆకొన్న, కాబట్టి హా–ఆ యతి చెల్లింది. 'బొమ్మ' ఇక్కడ పాప ఫొటో, కానీ మనకు సినిమా కూడా. 'పటము' అంటే తేటగా ఉండేది. గణం సరిపోతుంది కానీ ప–పొ యతి కుదరదు, అచ్చులు వేరు. బొమ్మే ఉంచండి. ఘట్టం సరిగ్గా పట్టారు. మొదట ఏడుపు నిజమైనదే. తాత, తండ్రి, బాబాయి, మేనత్త ఒకరి మీద ఒకరు పడి దొర్లుతూనే ఉంటారు, కెమెరాలు ఫ్లాష్ కొడుతూనే ఉంటాయి. ఆ సాగదీతలోంచే నవ్వొస్తుంది.

గోదారిగట్టు:
భయము కరుణ హాస్య రసములు గలిపిన
కూర చెడును, పాళ్ళు కుదిరెనేని
రుచియె మిగులు, చూడ రోదన సీనులో
నవ్వు పుట్టెను గద నాన్న యేడ్వ

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది: నాలుగో గణం 'ర'తో మొదలైంది, భకారానికి అది పనికిరాదు. ఇంకో మెలిక: భయం స్థాయీభావం (రసానికి మూలమైన భావం), దాని రసం భయానకం; కరుణ, హాస్యం రసాలు. రెండు వరుసలవాళ్లను ఒకే బంతిలో కూర్చోబెట్టారు. "భయము నవ్వు జాలి భావముల్ గలిపిన" అంటే రెండు తప్పులూ పోతాయి. 'సీను' నాకు అభ్యంతరం లేదు. పట్టింపున్నవాళ్లు "రోదన దృశ్యాన" అనుకోవచ్చు, భగణం తగణం, రెండూ ఇంద్రగణాలే, సరిపోతుంది.

గోదారిగట్టు: సవరించాను. ధన్యవాదాలండీ.

తుమ్మెద:
పసుపు తొడుగువాడు పట్టు దప్పెను, జారి
పటము ముందె నేలపైన బొర్లి
లేచి యాజ్ఞ లిడగ లేక సిగ్గొక్కింత
నవ్వు పుట్టెను గద నాన్న యేడ్వ

లఘువు: నడక హాయిగా ఉంది తుమ్మెద గారూ. 'పట్టుదప్పెను జారి' రగణం, సలం చక్కగా విరిగాయి. కానీ ఇక్కడ నవ్వు జారినవాడి వల్ల వచ్చింది, తండ్రి ఏడుపు పక్కన ఉందంతే. సమస్యలోని వైరుధ్యాన్ని విప్పకుండా పక్కకు జరిపినట్టుంది.

తుమ్మెద: ఒప్పుకుంటా. అయితే సినిమా చేసిందీ అదే కదా. ఏడుపు ఆరకముందే అదే ఘట్టంలోకి రక్షణదుస్తుల వాడు వచ్చి జారిపడతాడు, వెంటనే క్వారంటైన్. ఒక రసం ముగిశాక ఇంకోటి రావడం కాదు, ఒకదాని మెడ మీద ఇంకోటి కూర్చోవడం.

నిర్వాహకుడు: ఆ ఘట్టంలో నిజమే. మధ్యలో మాత్రం పట్టు సడలింది. జంతువు వల్ల వైరస్ సోకుతుందన్న కథ చాలాసేపు నడిచి, చివరికి వైరసే లేదని తేలుతుంది. ఆసుపత్రి వ్యంగ్యం సాగుతుంటే జంతువు కనబడదు, భయం చల్లారుతుంది. మొదటి పావుగంటలోనే పట్టపగలు మొత్తం ఒళ్లు చూపించిన సినిమాకు అది నష్టమే.

ఇంకోటి. 2000లో సియోల్‌లోని యోంగ్సాన్ అమెరికా సైనిక స్థావరం శవాగారం నుంచి ఫార్మాల్డిహైడ్ మురుగులో పోసిన ఉదంతమే ఈ కథకు మూలం. దాన్నెవరూ ముట్టుకోలేదు. పదం పొడవని జంకారేమో. మొదటి పాదం చివర 'ఫార్మాల్డి' తగణం, రెండో పాదం మొదట 'హైడు' హగణం అని విరిస్తే ఆటవెలదిలోనూ ఇముడుతుంది. అప్పుడు రెండో పాదం యతికి అ, హ, య వెతుక్కోవాలి.