గెట్టు తగాదాకు ‘ఫ్యాక్షన్’ అని పేరెందుకు?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మా మేనమామను శనక్కాయ చేలో నరికి చంపి పదకొండేళ్లయింది. గెట్టు మీది వేపచెట్టు ఎవరిదన్న తగువు. రెండుసార్లు పంచాయితీ కూడా జరిగింది, ఊరంతా ఎరుగుదురు. మరునాడు జిల్లా పేజీలో హెడ్డింగు ‘పడగ విప్పిన ఫ్యాక్షన్’. కింద ఫొటోలో ఆయన చెప్పులు, పక్కన అత్త పొద్దున కట్టిచ్చిన సద్ది క్యారియర్. దాని మూత కూడా తీయలేదు. లోపల ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాశారు. ఇరువర్గాలేంది? అవతల నలుగురు, ఇవతల మా మామ ఒక్కడు.

ఆ వార్త చూసి మామ కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ‘ఫ్యాక్షన్ ఇంటి పిల్ల మాకొద్దు’ అని కబురు పెట్టారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. దాన్ని కోస్తా సంస్కృతి అని నేనెక్కడా చదవలేదు. మా దగ్గర మాత్రం ఎవరు చచ్చినా తప్పు సీమ నేలదే అన్నట్టు రాస్తారు. ఇది పక్షపాతం కాదా?

పాత డెస్కు (అనంతపురం):
అమ్మా, పదహారేళ్లు జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా చేసినవాణ్ని. మీ బాధ నిజం. కానీ ఆ మాటే వద్దంటే ఒప్పుకోను. 2005 జనవరి 24న ఇదే అనంతపురంలో, పార్టీ ఆఫీసు దగ్గరే టీడీపీ ఎమ్మెల్యే పరిటాల రవిని కాల్చి చంపారు. అలాంటి చోట కూడా ‘గుర్తు తెలియని దుండగులు’ అని సరిపెడితే వెనకుండి నడిపించేవాళ్లకే లాభం.

ఇక తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మా రోజుల్లో మండల విలేకరికి జీతం లేదు. అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులు, పైగా యాడ్లు తేవాలి. సాయంత్రం స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎస్సై ‘పాత కక్షలు’ అనేవాడు. అది డెస్కుకు వచ్చేసరికి ఫ్యాక్షన్ అయ్యేది, హెడ్డింగులో బాగా ఇముడుతుందని. పగబట్టి రాసింది కాదు, హడావుడి.

పెన్నమ్మ (కడప):
హడావుడే అయితే అందరి విషయంలో ఒకేలా ఉండాల కదన్నా. 2019 మార్చి 15 పొద్దున పులివెందులలో వైఎస్ తమ్ముడు, మాజీ మంత్రి వివేకానందరెడ్డి చనిపోయినప్పుడు టీవీల్లో మొదట వచ్చింది గుండెపోటు అని. నరికిన గాయాల సంగతి తర్వాత బయటపడింది. పెద్దింట్లో జరిగితే ‘హత్య’ అనడానికే గంటలు పట్టింది. చేలో రైతు చస్తే ‘ఫ్యాక్షన్’ అనడానికి ఒక్క ఫోన్ చాలు. పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు పొమ్మంటారు. అది మందలిస్తుందే గానీ జరిమానా వేయలేదు, టీవీలైతే దాని పరిధిలోనే లేవు.

హంద్రీ ఒడ్డు:
పాత డెస్కు గారూ, పరిటాల రవి హత్యను ఫ్యాక్షన్ అంటే నాకు పేచీ లేదు. ముఠాలు కట్టి ఏళ్ల తరబడి చంపుకున్న చోట ఆ మాట వాడండి. మా మామకు ముఠా లేదు, రెండెకరాల చేనుంది. కోర్టు తీర్పులోనూ భూతగాదా అనే ఉంది. ఆ తీర్పు గురించి అదే పేజీలో ఒక్క ముక్క రాలేదు. ఒకటి అడుగుతా. మీ పదహారేళ్లలో ఇలాంటి వార్త పెట్టేముందు చనిపోయినవాళ్ల ఇంటికి ఎవరైనా ఫోన్ చేశారా?

పాత డెస్కు:
లేదమ్మా. మా దగ్గర ఉండేవి విలేకరి నంబరు, స్టేషన్ నంబరు, అంతే. తీర్పు కాపీ ఉంటే ఆ వార్త వచ్చిన తేదీతో సహా నాకు పంపండి. ఇప్పుడున్న ఎడిషన్ ఇన్‌చార్జి నాతో పనిచేసినవాడే. ఆయన ముందు పెడతాను.