బఠానీకీ పఠాన్లకీ చుట్టరికం ఉందా?

ప్రశ్న: మా వీధిలో బండాయన "పఠానీలు, వేడి పఠానీలు" అని అరుస్తాడు. పఠాన్లు తెచ్చిన గింజ కాబట్టే ఆ పేరొచ్చిందని ఒక పెద్దాయన గట్టిగా చెప్పారు. నిజమేనా?

జవాబు: ఆ కథ వినడానికి బాగుంటుంది గానీ నిలబడదండీ. హరప్పా కాలపు తవ్వకాల్లోనే బఠానీ గింజలు దొరికాయి. అమరకోశంలో కలాయం, సతీనకం అన్న పేర్లున్నాయి. గింజ పాతదైనా పేరు కొత్తది కావచ్చుగా అంటారేమో! మరాఠీలో వాటాణా, గుజరాతీలో వటాణా అంటారు. మాట మొదట్లోని 'ప' ఊరికే 'వ' అయిపోదు. సంస్కృత నిఘంటువుల్లో ఈ గింజకి వర్తులం, అంటే గుండ్రనిది, అన్న పేరు కూడా ఉంది. వాటాణా దాని బంధువేనని నా అనుమానం.

'వ' 'బ'గా మారడం కన్నడంలో మామూలే. మన వెన్న వాళ్ళకి బెణ్ణె, మన వేరు వాళ్ళకి బేరు, మన వేప వాళ్ళకి బేవు. బఠానీని వాళ్ళు బటాణి అంటారు. మరాఠీ మాట కన్నడం మీదుగా మన దాకా దిగిందని నా ఊహ. ఒత్తు మాత్రం మరాఠీలోనూ లేదు, కన్నడంలోనూ లేదు. అది మనం తగిలించుకున్నదే. పఠాన్ కథకి బలం ఇచ్చింది కూడా ఆ ఒత్తే అయ్యుంటుంది. తమిళంలోనైతే పట్టాణి అంటే గింజా, పఠానూ రెండూ. ఇక కథలు పుట్టకేం చేస్తాయి!

ఇంకొకరు: కలాయం అంటే బఠానీయే అయితే, వైద్య గ్రంథాల్లో కలాయఖంజం అని కాళ్ళు పడిపోయే జబ్బు చెప్తారే? బఠానీ తింటే కాళ్ళు పోతాయా? టెన్షన్ పెట్టకండి బాబూ.

జవాబు: నిశ్చింతగా తినండి. అక్కడ కలాయం అంటే లంకపప్పు, ఉత్తరాదిలో ఖేసరి అనేది. కరువు రోజుల్లో నెలల తరబడి అదే తిన్నవాళ్ళకి కాళ్ళు బిగుసుకుపోయేవి. ఒకే పేరు రెండు గింజలకి నడిచింది, అంతే. అందుకే పాత శ్లోకంలో కలాయం కనబడగానే బఠానీ అని అర్థం రాసేయకూడదు.

ఇంకొకరు: మా ఇంట్లో కూరలో వేస్తే గ్రీన్ పీస్, వేయించి ఉప్పు చల్లితే బఠానీ. ఒకే మొక్క అంటే మా పిల్లలు నమ్మరు.

జవాబు: పచ్చి కాయ ఒలిచి వాళ్ళ ముందే ఎండబెట్టండి.