సుహార్తో పాలన అంత వేగంగా ఎలా కూలింది?

ప్రశ్న: 1966 మార్చి 11న అప్పటి అధ్యక్షుడు సుకర్ణో చేత అధికార పత్రంపై సంతకం చేయించుకుని ఇండోనేషియాను గుప్పిట పెట్టుకున్న సైన్యాధికారి సుహార్తో, 1998 మార్చిలో ఏడోసారి అధ్యక్షుడై, మూడు నెలలు తిరగకుండానే ఎందుకు తప్పుకోవలసి వచ్చింది? సైన్యం ఆయన వెంటే ఉంది కదా?

జవాబు 1: ఆయనను నిలబెట్టింది సైన్యం ఒక్కటే కాదు. 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్రతో లక్షలాది మందిని చంపిన భయం ఒకవైపు ఉన్నా, బియ్యం దిగుమతులపై ఆధారపడిన దేశం 1980లలో స్వయంసమృద్ధి సాధించడం వల్ల జనం సర్దుకుపోయారు. 1997 ఆసియా ఆర్థిక సంక్షోభం ఆ సర్దుబాటుకే ఎసరు పెట్టింది. డాలరుకు సుమారు 2,400 ఉన్న ఇండోనేషియా కరెన్సీ రుపయా 1998 జనవరికి 10,000 దాటింది.

జవాబు 2: ఆ జనవరిలోనే సుహార్తో తలవంచి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) రుణ ఒప్పందంపై సంతకం చేస్తుండగా, ఆ సంస్థ అధిపతి కామ్‌డెస్యూ చేతులు కట్టుకుని నిలబడిన ఛాయాచిత్రం ఎన్నో విశ్లేషణల కన్నా ఎక్కువే చెబుతుంది. మే 4న ఇంధన ధరలు పెరిగాయి, 12న త్రిశక్తి విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు కాల్పులకు బలయ్యారు, జకార్తా భగ్గుమంది.

జవాబు 3: నా దృష్టిలో అసలు దెబ్బ సొంతవారిదే. ఏళ్ల తరబడి ఆయన దగ్గర సమాచార మంత్రిగా పనిచేసిన పార్లమెంటు స్పీకర్ హర్మోకోయే మే 18న రాజీనామా కోరాడు. 20న 14 మంది మంత్రులు కొత్త మంత్రివర్గంలో చేరబోమన్నారు. మర్నాడే పదవి ఉపాధ్యక్షుడు హబీబీ చేతికి వెళ్లింది.