ట్రైకోకార్డులో ఉన్నది చిలోనిసా, ఆస్ట్రాలికమా?

చెరకుతోట: అన్నా, చెరకులో పీక పురుగుకి ట్రైకోకార్డులు (పురుగు గుడ్లని చంపే బుల్లి కందిరీగలు పుట్టే గుడ్ల అట్టలు) తెచ్చా, ప్యాకెట్ మీద ట్రైకోగ్రామా చిలోనిస్ అని ఉంది, నాన్న దాచిన పాత పుస్తకంలోనేమో ఆస్ట్రాలికమ్ అంటాడు, రెండూ వేరేనా? బయటికొచ్చినవి ఆవగింజలో సగం కూడా లేవు, ఫోటో తీస్తే పసుపు చుక్కే.

పురుగులపిచ్చి: ఒకటే తమ్ముడూ. మనోళ్లు ఆస్ట్రాలికమ్ అన్నది పొరపాటు. 1971లో సుధా నగర్‌కట్టి, నాగరాజా అనే శాస్త్రవేత్తలు కలిసి మగదాని జననాంగం చూస్తేనే ఏ జాతో గట్టిగా తేలుతుందని చూపించారు. తర్వాత 1976లో విగ్గియానీ అనే శాస్త్రవేత్త మనోళ్లు పొరబడ్డ ఆ జాతికి కన్‌ఫ్యూజమ్ అని పేరెట్టాడు (నిజ్జంగా అదే పేరు 😄), తీరా చూస్తే అది ఇషీ అనే శాస్త్రవేత్త 1941లోనే పేరెట్టేసిన చిలోనిస్!

ల్యాబ్‌పక్షి: ఏ జాతో ల్యాబ్‌లో చూపించాలంటే మగవి కావాలి, ఆడవి పంపితే పెద్దగా లాభం లేదు. గుడ్లు నల్లబడ్డాక కార్డు ముక్క సీసాలో వేసి దూది పెట్టు, వచ్చినవాటిలో మీసాలకి పొడుగు వెంట్రుకలున్నవి మగవి, ఆల్కహాల్‌లో వెయ్యి. కొన్నిట్లో ఒల్బాకియా బ్యాక్టీరియా వల్ల అన్నీ ఆడవే పుడతాయి, అప్పుడిక డీఎన్‌ఏలో ఐటీఎస్2 అనే, జాతిని గుర్తుపట్టే ముక్క చూడాల్సిందే.

చెరకుతోట: అంత ఓపిక లేదన్నా, కార్డులు చెరక్కి కట్టేయనా మరి?

పురుగులపిచ్చి: కట్టేయ్, సాయంత్రం పూట ఆకు అడుగున. తోటకి పురుగుమందు కొట్టుంటే మాత్రం ఆగు.