ఇంట్లో కట్టుకుంటున్న రేసు కారులో ఒక్కో భాగాన్ని తూచి రాసుకోవడం ఎలా?

ప్రశ్న: గొట్టాలచట్రం

నమస్కారం. ఉక్కు గొట్టాలతో ఛాసిస్ కట్టి, మోటార్ సైకిల్ ఇంజిన్‌ను సీటు వెనక అమర్చే రేసు కారు ఒకటి మా షెడ్డులో తయారవుతోంది. ఛాసిస్ వెల్డింగ్ సగానికి పైగా అయింది. మిగిలిన సామాను చాలావరకు అరల మీద విడివిడిగా ఉంది. అంతా బిగించాక దేన్నీ విడిగా తూచే వీలుండదు కాబట్టి, ఇప్పుడే ప్రతి భాగాన్నీ తూచి పట్టికలో ఎక్కించాలని అనుకుంటున్నాను. నా దగ్గర 5 కిలోల వరకు గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు ఒకటి, మనుషులు ఎక్కి నిలబడే డిజిటల్ త్రాసు ఒకటి ఉన్నాయి.

ఇంజిన్ వంటి పెద్ద బరువులను దేనితో తూచాలి? విష్‌బోన్ లాగా ఒక కొస ఛాసిస్‌కూ మరో కొస చక్రానికీ తగిలే భాగాల బరువును ఏ ఖాతాలో వేయాలి? బోల్టులు, వాషర్లు, వైర్ల దాకా వెళ్లడం అవసరమా, లేక అది చాదస్తమా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: లోడ్‌సెల్

గొట్టాలచట్రం గారూ, ముందుగా మీ రెండో త్రాసు సంగతి చూద్దాం. మనుషుల కోసం చేసిన డిజిటల్ త్రాసులు చాలావరకు కొద్ది కిలోల లోపు బరువును గుర్తించవు కనుక, భాగాన్ని చేతబట్టుకొని ఎక్కి, వచ్చిన అంకెలోంచి మన బరువు తీసివేయడం అందరూ చేసే పనే. అయితే వాటిలో కొన్నింటికి ఒక గుణం ఉంది: అంతకుముందు చూపిన అంకెకు దగ్గరలో ఉన్న బరువు మళ్లీ వస్తే, కొత్తగా తూచకుండా పాత అంకెనే చూపిస్తాయి. 300 గ్రాముల బ్రాకెట్ పట్టుకొని ఎక్కితే దాని బరువు సున్నా అని తేలడానికి కారణం అదే. ప్రతి రెండు తూకాల మధ్యా బాగా తేడా ఉన్న మరో బరువును ఎక్కించి దించితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. ఏమైనా 5 కిలోలకు తక్కువ ఉన్న ప్రతిదాన్నీ వంటింటి త్రాసు మీదే తూచండి.

ఇంజిన్‌కు హుక్కు ఉన్న వేలాడే త్రాసు కావాలి. దాన్ని క్రేను కొక్కేనికీ ఇంజిన్‌కు చుట్టిన పట్టీకీ మధ్య తగిలించి, ఊగడం పూర్తిగా ఆగాక అంకె చూడాలి. పట్టీలనూ, వాటిని కలిపే షాకిళ్లనూ (ఇనుప కొలుకులను) విడిగా తూచి తీసివేయాలి. ఇంజిన్‌లో ఆయిల్ ఉందా, ఒంపేశారా, స్టార్టర్ మోటారూ క్లచ్చూ దానికే ఉన్నాయా అన్నది అంకె పక్కనే రాయకపోతే, నెల తర్వాత ఆ అంకె ఎందుకూ పనికిరాదు. ఒంపేసిన ఇంజిన్‌లో కూడా కొంత ఆయిల్ మిగిలే ఉంటుంది.

త్రాసు నిజం చెబుతోందా అని చూడటానికి ప్రత్యేకమైన రాళ్లు కొనవలసిన పని లేదు. జాగ్రత్తగా కొలిచిన లీటరు నీరు గది వేడిమిలో దాదాపు 997 గ్రాములు తూగుతుంది, దానితో వంటింటి త్రాసును సరిచూసుకోండి. తర్వాత అదే త్రాసు మీద నాలుగేసి కిలోల చొప్పున నీళ్లు తూచి పెద్ద డబ్బాలో పోస్తూ పోతే, పెద్ద త్రాసును పరీక్షించడానికి తెలిసిన బరువు ఒకటి తయారవుతుంది. డబ్బా సొంత బరువును కలుపుకోవడం మాత్రం మరవకండి.

భాగాన్ని బిగించక ముందూ తర్వాతా నాలుగు చక్రాల కింద త్రాసులు పెట్టి, ఆ రెండు మొత్తాల తేడాతో దాని బరువు పట్టవచ్చని కొందరు అంటారు. చెరో అర కిలో అటూ ఇటూ ఉండే రెండు పెద్ద అంకెలను తీసివేస్తే, 800 గ్రాముల భాగం ఆ తేడాలోనే మునిగిపోతుంది. ఆ త్రాసులను చివరి లెక్క సరిచూడటానికి ఉంచుకోండి.

సమాధానం: ఇరుసులెక్క

బరువు ఒక్కటే రాసిన పట్టికకు నా దృష్టిలో సగం విలువే. ప్రతి వరుసలోనూ ముందు ఇరుసు నుంచి ఆ భాగం ఎంత వెనక్కి ఉందో, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో మరో రెండు గడులు చేర్చండి. ఉదాహరణకు ఇరుసుల మధ్య దూరం 2300 మిల్లీమీటర్లు అనుకుందాం. ముందు ఇరుసుకు 1500 మిల్లీమీటర్ల వెనక ఉన్న ట్యాంకులో 20 లీటర్ల పెట్రోలు పోస్తే అది సుమారు 15 కిలోలు, అందులో 5.2 కిలోలు ముందు చక్రాల మీద, 9.8 కిలోలు వెనక చక్రాల మీద పడతాయి. అదే 12 కిలోల బ్యాటరీని వెనక ఇరుసుకు 300 మిల్లీమీటర్లు ఆవల పెట్టారనుకోండి, వెనక చక్రాలకు దాదాపు 13.6 కిలోలు పెరిగి, ముందు చక్రాల మీద 1.6 కిలోలు తగ్గుతుంది. బ్యాటరీ బరువు మారలేదు, స్టీరింగుకు అందే పట్టు మారింది. ఈ సంగతి తూకం అంకె ఒక్కదానిలో ఎక్కడా కనిపించదు.

పెద్ద భాగాల గరిమనాభిని కంటితో అంచనా వేయవద్దు. ఇంజిన్‌ను త్రాసుకు వేలాడదీసినప్పుడే, కొక్కెం నుంచి తూకపు గుండు దారం దించి, దారం వెంబడి సుద్దతో గీత గీయండి. తర్వాత పట్టీని మరో చోటుకు మార్చి మళ్లీ వేలాడదీసి రెండో గీత గీయండి. పక్క నుంచి చూసినప్పుడు రెండు గీతలూ కలిసే చోటే గరిమనాభి ఉంటుంది. ఇంజిన్ ఒకసారి ఛాసిస్‌లోకి దిగాక ఈ అవకాశం మళ్లీ రాదు.

విష్‌బోన్ విషయంలో సగం బరువు ఛాసిస్‌కు, సగం చక్రానికి అన్న వాడుక ఉంది, కానీ దాన్ని కొలవడమే సులువు. లోపలి బుష్‌లు రెండింటిలోంచీ ఒక కడ్డీ దూర్చి దాన్ని దిమ్మల మీద ఆనించండి. బయటి కొసను, అంటే బాల్ జాయింట్‌ను, వంటింటి త్రాసు మీద ఉంచి, విష్‌బోన్ మొత్తం నేలకు సమాంతరంగా వచ్చేలా దిమ్మల ఎత్తు సరిచేయండి. త్రాసు చూపేది అన్‌స్ప్రంగ్ బరువు, అంటే స్ప్రింగుల మీద ఆనకుండా చక్రంతో పాటు పైకీ కిందికీ కదిలే బరువు; మొత్తంలోంచి అది పోగా మిగిలేది ఛాసిస్ వాటా. బాల్ జాయింట్ బరువైనదైతే బయటి వాటా సగం కన్నా స్పష్టంగా ఎక్కువ వస్తుంది. డ్రైవ్‌షాఫ్టులకూ (చక్రాలను తిప్పే కడ్డీలకూ) డ్యాంపర్లకూ (షాక్ అబ్సార్బర్లకూ) ఇదే పద్ధతి సరిపోతుంది. హబ్, దాన్ని మోసే అప్‌రైట్, బ్రేకు డిస్క్, క్యాలిపర్, చక్రం పూర్తిగా అన్‌స్ప్రంగ్ ఖాతాలోకే వెళతాయి.

సమాధానం: డబ్బాతూకం

బోల్టులను ఒక్కొక్కటిగా తూచడం నిజంగా చాదస్తమే, అలాగని వాటిని వదిలేయడమూ తప్పే. బోల్టుల డబ్బాను పని మొదలుపెట్టే ముందు తూచండి, సస్పెన్షన్ బిగించడం పూర్తయ్యాక మళ్లీ తూచండి. తగ్గినదంతా కారులో ఉంది. వైరు చుట్టలకూ, టేపులకూ, ఛాసిస్ గొట్టాలకూ ఇదే సూత్రం పెట్టుకోవచ్చు. తెచ్చిన గొట్టాల మొత్తం బరువులోంచి ముక్కల బుట్ట బరువు తీసివేస్తే చాలు. కోసినప్పుడు పోయే పొడి లెక్కలోకి రానంత తక్కువ.

సగం వెల్డింగ్ అయిపోయిందన్నారు కాబట్టి ఆ భాగానికి ఇది ఆలస్యమే, దానికి పొడవును బట్టి లెక్క వేయండి. 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టం మీటరుకు 2.62 కిలోలు, 50 వ్యాసం 2 మందం ఉన్నది 2.37 కిలోలు. కారు బోల్తా పడినప్పుడు డ్రైవరును కాపాడే ప్రధాన రోల్ బార్‌కు, అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ ఎఫ్ఐఏ నియమావళిలోని అపెండిక్స్ జె ఈ రెండు కొలతలనూ అనుమతిస్తుంది. లావుగా కనిపించే గొట్టమే తేలికైనదని చాలామంది గమనించరు. మీ పోటీ నియమావళి ఏ కొలత అడుగుతుందో చూసి మరీ కొనండి.

రంగుకు మాత్రం డబ్బా పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ద్రావకం ఆవిరైపోతుంది, స్ప్రే చేసినదాంట్లో కొంత గాలిలో కలిసిపోతుంది. ప్యానెళ్లను రంగుకు ముందు ఒకసారి, పూర్తిగా ఆరాక ఒకసారి తూచండి.

ప్రశ్నించినవారి స్పందన: గొట్టాలచట్రం

అందరికీ కృతజ్ఞతలు. గడులు పెంచి, ఆయిల్ ఉందా లేదా అన్నది కూడా రాయడం మొదలుపెట్టాను. ఇంకొక్క సందేహం. టైరుతో కలిపి చక్రం ఒక్కొక్కటి 14 కిలోలు తూగుతోంది. తిరిగే బరువు మామూలు బరువు కన్నా ఎక్కువ నష్టం చేస్తుందంటారు గదా, ఆ ఎక్కువ ఎంతో పట్టికలో అంకెగా రాయడానికి మార్గం ఉందా?

సమాధానం: లోడ్‌సెల్

ఉంది, దానికి స్టాప్‌వాచ్ ఒకటి చాలు. చక్రాన్ని రిమ్ము లోపలి అంచు దగ్గర పదునైన ఇనుప పట్టీ మీద వేలాడదీసి, దాని తలంలోనే కొద్దిగా ఊపి వదలండి. అటు వెళ్లి తిరిగి మొదటి చోటికి రావడం ఒక ఊపు. 20 ఊపులకు పట్టిన సమయాన్ని 20తో భాగిస్తే ఒక ఊపు కాలం వస్తుంది. పెద్ద ఊపులైతే కాలం పెరుగుతుంది కాబట్టి చిన్నగానే ఊపాలి, చక్రం పక్కలకు వణికితే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

మీ చక్రానికి ఆనే చోటు నుంచి నడిమికి దూరం 0.16 మీటర్లు, ఒక ఊపు 1.41 సెకన్లు అనుకుందాం. బరువు, గురుత్వ త్వరణం 9.81, ఆ దూరం మూడింటినీ గుణించి, కాలం వర్గంతో గుణించి, 39.48తో (పై వర్గానికి నాలుగు రెట్లతో) భాగిస్తే సుమారు 1.107 వస్తుంది. అందులోంచి బరువును దూరం వర్గంతో గుణించగా వచ్చే 0.358 తీసివేస్తే, ఇరుసు చుట్టూ జడత్వ భ్రామకం, అంటే తిరగడానికి చక్రం చూపే మొండితనం, 0.75 కిలోగ్రామ్ చదరపు మీటర్లు అని తేలుతుంది. దీన్ని టైరు వ్యాసార్ధం, 0.28 మీటర్లు అనుకుంటే, దాని వర్గంతో భాగించండి, 9.5 కిలోలకు కాస్త పైన వస్తుంది. అంటే 14 కిలోల చక్రం, కారు వేగం పుంజుకునేటప్పుడు, దాదాపు 23.5 కిలోలు ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. పట్టికలో దీనికి వేరే గడి పెట్టండి. మొత్తం బరువులో ఈ అదనాన్ని కలిపితే చక్రాల కింది త్రాసులతో మీ లెక్క ఎప్పటికీ సరిపోదు.

ఫ్లైవీల్ వంటివి ఇంజిన్ వేగంతో తిరుగుతాయి కాబట్టి, వాటి భ్రామకాన్ని మొత్తం గేరు నిష్పత్తి వర్గంతో గుణించాకే టైరు వ్యాసార్ధం వర్గంతో భాగించాలి. మొదటి గేరులో అక్కడ తగ్గించిన అర కిలో విలువ, పై గేరులో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తేలుతుంది. అందువల్ల ఆ గడిని గేరుకొకటిగా విడదీసి రాసుకోండి.