సంక్షేమ పథకాల్లో వేలిముద్ర తప్పనిసరి కావాలా?

పాలపిట్ట:
రేషన్ బియ్యానికైనా ఉపాధి హామీ కూలికైనా వేలిముద్ర పడితేనే ఇవ్వాలన్న నియమం దొంగ లెక్కలను అరికట్టిందా, అర్హుల నోటి దగ్గరి కూడు లాగేసిందా అన్నది ఈసారి చర్చకు పెడుతున్నాను. ఇరుపక్షాల వారూ తమకు అనుకూలంగా చూపించే రెండు అధ్యయనాలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఒకే ముగ్గురు పరిశోధకులవి. మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీ, పింఛన్ల చెల్లింపుకు తెచ్చిన, వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డుల గురించి. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన 112 మండలాల్లో 2010 నుంచి కార్డులు ముందుగా ఇచ్చి, మరో 45 మండలాల్లో ఆలస్యంగా ఇచ్చి, రెండేళ్ల తర్వాత పోల్చి చూడగా, ఉపాధి హామీలో దారి మళ్లే సొమ్ము దాదాపు 41 శాతం తగ్గినట్లు తేలింది. రెండవది జార్ఖండ్‌లో 2016–17లో రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్ర పెట్టినప్పటిది. అక్కడ వేలిముద్ర ఒక్కదాని వల్ల దారి మళ్లింపు ఏమాత్రం తగ్గలేదు. ఈ తేడాకు కారణం ఏమై ఉంటుంది?

కృష్ణాతీరం:
నేను తప్పనిసరి చేయాలనే వాడిని. మస్టర్‌లో (కూలీల హాజరు పట్టికలో) పేరుండి పనిలో మనిషి లేని రోజులను చూసినవారెవరూ ఆ కాలాన్ని తిరిగి కోరుకోరు. ఆంధ్రప్రదేశ్ ఫలితాలను విడదీసి చూస్తే, డబ్బు త్వరగా అందడం అన్నది ఊళ్లోనే చెల్లింపు జరిగే ఏర్పాటు వల్ల వచ్చింది గాని, దొంగతనం తగ్గడం మాత్రం కార్డు చేతిలో ఉన్నవారి విషయంలోనే కనిపించింది. అంటే పని చేసింది వేలిముద్రే. ఇక జార్ఖండ్‌లోనూ, 2017 జూలై నుంచి దుకాణంలోని వేలిముద్ర యంత్రంలో నమోదైన లెక్కను బట్టి డీలర్ల వద్ద మిగిలి ఉండవలసిన నిల్వను తర్వాతి కేటాయింపులో కోత పెట్టడం మొదలుపెట్టాక, దారి మళ్లింపు గణనీయంగా పడిపోయింది. వేలిముద్ర పడలేదని రాసుకుని సరుకు ఇచ్చినట్లు చూపించే వెసులుబాటును డీలరుకు వదిలేస్తే, దొంగకు తాళంచెవి ఇచ్చినట్లే.

ఎర్రనేల:
కృష్ణాతీరం గారు చెప్పిన విడమర్పు నిజమే, కాని ఆయన ఒక ముఖ్యమైన సంగతిని దాటవేశారు. స్మార్ట్‌కార్డులు మొదలై రెండేళ్లయినా ఆ మండలాల్లో కార్డుల ద్వారా జరిగిన చెల్లింపులు దాదాపు సగమే. కార్డు లేని కూలీని వెళ్లగొట్టలేదు, పాత పద్ధతిలోనే ఇచ్చారు. అయినా దొంగతనం తగ్గింది. మరొక సంగతి ఏమిటంటే, అక్కడ ప్రభుత్వం పెట్టిన ఖర్చు తగ్గలేదు, కూలీల చేతికి వచ్చినది పెరిగింది. జార్ఖండ్‌లో దీనికి భిన్నంగా, సరుకు తెచ్చుకోవడానికి సగటు కార్డుదారుకు అయ్యే ఖర్చు, శ్రమ 17 శాతం పెరిగాయి, అప్పటికి ఆధార్ అనుసంధానం కాని 23 శాతం మందికి అందే సరుకు విలువ 10 శాతం తగ్గింది. నిల్వల కోత మొదలుపెట్టాక దారి మళ్లింపుతో పాటు అర్హులకు అందేదీ తగ్గిపోయింది. డీలరు గతంలో తిన్న బియ్యానికి ఈ నెల కార్డుదారు సంచి తేలికైంది. దీన్ని ఖజానాకు ఆదా అని రాసుకోవచ్చు గాని, అది ఎవరి బియ్యమో కూడా పక్కనే రాయాలి.

మా అమ్మమ్మ నిజామాబాద్ వైపు నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, కొసలు మడిచి మడిచి ఆమె బొటనవేలు, చూపుడువేలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో తడిగుడ్డతో తుడిచి ఒక్కొక్క వేలూ పెట్టించేవారు. ఒక నెల ఎడమచేతి చిటికెన వేలు పలికింది, మరుసటి నెల అదీ పలకలేదు. రేపు రమ్మన్నారు. ఆ రోజు ఆమె చుట్టవలసిన బీడీలు పోయాయి, ఆ కూలీ పోయింది. ఈ నష్టం దారి మళ్లింపు పట్టికలో ఏ గడిలోనూ పడదు. వెనకటి మస్టర్లలో జరిగిన మోసాన్ని నేను కాదనడం లేదు, ఆ మోసం చేసినది మాత్రం ఆమె వేళ్లు కాదు.

కృష్ణాతీరం:
మీ అమ్మమ్మ గారి విషయంలో వాదించేది ఏమీ లేదు. కాని విధానం అన్నప్పుడు, వేలిముద్ర పడనివారికి మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? ఊరి అధికారి చేతిలో పెడితే పాత కథే. స్మార్ట్‌కార్డుల్లో చెల్లింపు చేసే బాధ్యతను ఊరి అధికారులతో బంధుత్వం లేని, చదువుకున్న స్థానిక మహిళలకు అప్పగించాలన్న నియమం పెట్టింది అందుకే కదా.

ఎర్రనేల:
ఆ నియమాన్ని గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు, నా వాదనకు అది బలం. మనుషుల ఎంపికను అంత జాగ్రత్తగా చేశారు గనుకనే యంత్రం పనికొచ్చిందని నేను అనుకుంటాను (ఇది నా అంచనా మాత్రమే). మినహాయింపు డీలరు చేతిలో ఉండనివ్వండి, దానిపై కన్ను మాత్రం బయట ఉండాలి. 2018లో తెలంగాణలో రైతుబంధు కింద ఎకరాకు రూ. 4,000 చెక్కులు పంచినప్పుడు, కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ‘మీ రైతులకు ఫోన్ చేసి అడుగుతాం’ అని ముందే చెప్పి, అలాగే అడిగారు. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. పెద్ద అద్భుతమేమీ కాదు, కాని ఖర్చు స్వల్పం, పైగా ఎవరి వేలునూ నిందించనక్కరలేదు.

పాలపిట్ట:
అలాగైతే రేషన్‌లో ఎవరికి ఫోన్ చేయాలి? సరుకు తీసుకున్నవారిని మాత్రమే అడిగితే అందరూ అందిందనే చెబుతారు.

ఎర్రనేల:
కార్డు ఉండి కూడా ఆ నెల యంత్రంలో ఏమీ తీసుకోనట్లు కనిపించే ఇళ్లకు ముందు చేయాలి. ఆ తర్వాత మినహాయింపు కింద తీసుకున్నట్లు రాసిన ఇళ్లకు. మొదటి జాబితాలో మా అమ్మమ్మ దొరుకుతుంది, రెండవ జాబితాలో కృష్ణాతీరం గారి దొంగ దొరుకుతాడు.